ఎడారి దేశములో బడి సీటు వెల

1977 జనవరికి ముందు బిడ్డను కాలేజీలో చదివించిన ప్రతి తెలుగు ఇంటిలోను, మన మారిషస్‌లో, ఒక లెక్క ఉన్నది. అది పుస్తకములో వ్రాసిన లెక్క కాదు. ముసలివారి నోట నిలిచిన లెక్క. ఏ ఏట ఏ ఆవును అమ్మినారు, ఎవరి కోతకూలి ఎవరి ఫీజుకు పోయినది, ఎవరి మెడలోని గొలుసు షావుకారు పెట్టెలో ఎన్నేండ్లు ఉన్నది అన్నవి ఆ లెక్కలోని పద్దులు. ఇచ్చట మనము కాలేజీ అనునది ప్రాథమిక పాఠశాల దాటిన పిమ్మటి ఉన్నత పాఠశాలనే అని వేరే చెప్పనక్కరలేదు. 1975 మే 20వ తేదీన విద్యార్థులు వీధికి వచ్చి గ్రాండ్ రివియేర్ వంతెన వద్ద పోలీసులకు ఎదురు నిలిచిన తరువాత, 1977 జనవరి నుండి ఆ చదువు ఉచితమైనది. ఫీజు పోయినది కాని వెల పోలేదు. రాయల్ కాలేజీ వంటి పేరుగల ప్రభుత్వ పాఠశాలలో చోటు కొరకు ఆరవ తరగతి పరీక్షలో ర్యాంకు కావలెను. ర్యాంకు కొరకు ట్యూషన్ కావలెను. ట్యూషన్ కొరకు మరల అదే కోతకూలి. 2017లో ఆ పరీక్ష రూపు మారువరకు పదకొండేండ్ల బిడ్డ మీద ఇంటిల్లిపాది ఆశ పెట్టుకొని కూర్చున్న సంగతి మనలో ఎవరు ఎరుగరు?

ఈ అనుభవము ఉన్న మనకు, మన పూర్వులు బయలుదేరిన సీమ నుండియే మరొక ఒప్పందము మీద మరొక దేశమునకు పోయిన వారి కథ తెలుసుకొనుట ఉచితమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. వారు పోయినది సౌదీ అరేబియాకు. నేడు అచ్చట సుమారు 25 లక్షల మంది భారతీయులు ఉన్నారు. వారిలో మన తెలుగువారు కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతములవారు, హైదరాబాదు పాతబస్తీవారు, కడప జిల్లావారు, గోదావరి జిల్లాలవారు. గోదావరి జిల్లాలు అన్నప్పుడు మన చెవికి కోరంగి రేవు వినిపించక మానదు. ఆ రేవు పేరుతోనే గదా మనలను ఈ ద్వీపములో కోరంగీలు అని పిలిచినారు!

పోలిక ఒక పేరుతో మొదలగుచున్నది. మన పూర్వుల ఓడలు కదలకముందు రేవులో వారి పేర్లు చూచి, ఇష్టపూర్వకముగా పోవుచున్నారా అని అడుగవలసిన అధికారిని వలసదారుల రక్షకుడు అనెడివారు. తెల్లదొరల కాలము పోయినది. 1922 నాటి వలస చట్టము పోయి 1983లో స్వతంత్ర భారతము క్రొత్త చట్టము చేసికొన్నది. కాని ఆ అధికారి పేరు మాత్రము మారలేదు. నేటికిని పదవ తరగతి ఉత్తీర్ణుడు కాని మనిషి సౌదీకి పనికి పోవలెనన్న ఆ వలసదారుల రక్షకుని కార్యాలయపు అనుమతి కావలెను; పదవ తరగతి దాటినవానికి అక్కరలేదు. బడి చదువు ఎంత అన్నది విమానాశ్రయములోనే మనుష్యులను రెండు వరుసలుగా నిలుపుచున్నది. ఈ వ్యాసము పొడుగునా ఈ రెండు వరుసలను పాఠకులు జ్ఞాపకము ఉంచుకొనవలెను.

ఇక తేడా. ఫిజీ, నటాల్ వంటి కాలనీలకు కూలీలను ఎక్కించునప్పుడు నూరుగురు పురుషులకు 40 మంది స్త్రీలు ఉండవలెనని నియమము ఉండెడిది. అది దయతో పెట్టిన నియమము కాదు, దాని వలన కలిగిన బాధలు వేరే కథ. కాని స్త్రీలు వచ్చినందున బిడ్డలు పుట్టినారు, బిడ్డలు పుట్టినందున ఊళ్లు ఏర్పడినవి. తోటలలో ఆ బిడ్డలను దొరలు బడికి కాక చిన్న గుంపులో చేర్చి గడ్డి తీయుటకు పంపినారు. అది అన్యాయము. అయినను బిడ్డ తండ్రి కళ్లముందు ఉన్నాడు. సాయంకాలము ఇంటి వసారాలో, గుడి చావడిలో, దీపము వెలుతురులో అక్షరములు దిద్దించుటకు మనిషి ఉన్నాడు. మన తెలుగు ఈ ద్వీపములో బ్రతికినది అట్లే.

సౌదీ ఒప్పందము వేరు. అది మనిషిని ఒక్కనినే పిలుచును. భార్యాబిడ్డలను తెచ్చుకొనుటకు వేరే కుటుంబ వీసా కావలెను. ఆ వీసా జీతమును బట్టియు, నివాసపత్రములో వ్రాసిన వృత్తిని బట్టియు దొరకును. ఆ నివాసపత్రమును ఇఖామా అందురు. ఇఖామాలో ఇంజనీరు అనియో అకౌంటెంటు అనియో ఉన్నవానికి ఆశ కలదు. కూలి, గొర్రెల కాపరి, పారిశుద్ధ్య పనివాడు అని ఉన్నవానికి లేదు. 1867 నాటి చట్టము క్రింద మన ముత్తాతలు ఫోటో అంటించిన పాసు జేబులో లేక వీధిలో నడువలేకపోయిన సంగతి చదివినవారికి ఇఖామా క్రొత్త వస్తువుగా తోచదు. కాని ఆ పాసు తండ్రిని మాత్రమే పట్టుకొన్నది. ఇఖామా బిడ్డ బడిని కూడ నిర్ణయించుచున్నది.

ఇప్పుడు అచ్చటి బడుల సంగతి. సౌదీ అరేబియాలో విద్యాశాఖకు మంత్రిత్వము ఏర్పడినది 1953లో. తరువాత రాజైన ఫహద్ గారే దాని మొదటి మంత్రి. బాలికలకు ప్రభుత్వ బడులు 1960లో మొదలైనవి. బాలికల చదువు తగదని కొన్ని పట్టణములవారు మొదట ఎదిరించినారు కూడ. అటు తరువాత చమురు ధనముతో ఊరూర బడులు వెలసినవి. ఆ దేశపు పౌరులకు చదువు ఉచితము. విశ్వవిద్యాలయములో చేరిన సౌదీ విద్యార్థికి ప్రభుత్వమే నెలనెల భృతి ఇచ్చుచున్నది. అనగా అచ్చటి పౌరుడు చదువుకొనుటకు ధనము చెల్లించడు, పుచ్చుకొనును! దానికి మనము అసూయ పడనక్కరలేదు. వారి చమురు, వారి బిడ్డలు. ప్రభుత్వ పాఠశాలలలో పరదేశీయుల బిడ్డలకును పరిమితముగా చోటు కలదు. కాని బోధన అంతయు అరబ్బీలో. ఈజిప్టు, సిరియా, సూడాను దేశముల బిడ్డలకు అది తల్లిభాష. కరీంనగర్ బిడ్డకు అది పనికిరాదు, ఎందుకనగా ఆ బిడ్డ ఏనాటికైనా తిరిగి పోవలసినదే, తిరిగి పోయి భారతదేశపు పరీక్షలే వ్రాయవలసినదే. సౌదీలో నలువదేండ్లు పని చేసినను సామాన్యముగా పౌరసత్వము రాదు.

అందువలన భారతీయులు తమ బడిని తామే కట్టుకొన్నారు. 1969లో జిద్దాలో మొదటి భారతీయ పాఠశాల రాయబార కార్యాలయపు నీడలో ఏర్పడినది. అప్పటికి విదేశ రాయబార కార్యాలయములు జిద్దాలోనే ఉండెడివి. తరువాత 1980 దశకములో రియాద్‌కు తరలినవి. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగిన పిమ్మట, 1975లో జుబైల్, యన్బూ అను రెండు పారిశ్రామిక నగరములను కట్టుటకు రాజాజ్ఞ అయిన పిమ్మట, మనుష్యులు వేలకు వేలు దిగినారు. వారిలో కుటుంబములు గలవారు కొందరు. 1982లో రియాద్‌లోను దమ్మామ్‌లోను, 1987లో జుబైల్‌లోను భారతీయ పాఠశాలలు వచ్చినవి. తరువాత మరికొన్ని పట్టణములలో చిన్నవి లేచినవి. మొదట వాటికి రాయబార పాఠశాల అని పేరు. తరువాత అంతర్జాతీయ భారతీయ పాఠశాల అన్నారు. ఢిల్లీలోని సెంట్రల్ బోర్డు పాఠ్యక్రమము. సౌదీ నియమము ప్రకారము బాలురకు వేరుగా, బాలికలకు వేరుగా విభాగములు.

ఈ పాఠశాలలు సర్కారు బడులా, ప్రైవేటు బడులా అని అడిగిన సమాధానము చెప్పుట కష్టము. భారత ప్రభుత్వము వాటిని నడుపుటకు డబ్బు ఇచ్చుట లేదు; అవి తల్లిదండ్రుల ఫీజుతోనే నడచును. కాని యజమాని లేడు, లాభము పంచుకొనువాడు లేడు. రాయబారి పోషకుడు, తల్లిదండ్రులు ఓట్లు వేసి యాజమాన్య సంఘమును ఎన్నుకొనుట పెద్ద పాఠశాలలలో సంప్రదాయముగా ఉండెడిది. రాజరికపు దేశములో పరదేశీయులు ఓటు వేసిన చోటు అది అని చెప్పుకొనుట వారికి కొంత గర్వము కూడ. ఫీజు నెలకు కొన్ని వందల రియాళ్లు. అమెరికా, బ్రిటిషు పాఠ్యక్రమము చెప్పు ప్రైవేటు పాఠశాలలలో ఏడాదికి పదివేల రియాళ్లు, అంతకు అనేక రెట్లు కూడ ఉన్నవి. కనుక మధ్యతరగతి భారతీయ కుటుంబమునకు ఈ సముదాయపు పాఠశాలయే ప్రభుత్వ పాఠశాలతో సమానము. అందరికిని కావలసినది అదే. దమ్మామ్ పాఠశాలలో విద్యార్థుల సంఖ్య పదివేలు దాటినది. ఒక్క పాఠశాలలో పదివేల మంది! మన ద్వీపములో అంత పెద్ద బడి లేదు.

పదివేలమంది ఉన్నను బయట నిలిచినవారు ఇంకను ఉన్నారు. చిన్న తరగతులలో సీట్లకన్న దరఖాస్తులు ఎక్కువైనప్పుడు చీటీలు తీసినారు. తల్లిదండ్రుల ఎదుట చీటీ తీసి సంఖ్య చదివెడి పద్ధతి. మన దేశములో డొనేషన్ అను మాట విని విని ఉన్నవారికి ఆ పద్ధతి విచిత్రముగా తోచును. చీటీకి లంచము లేదు, చీటీకి కులము లేదు. ఇంజనీరు బిడ్డయు గుమాస్తా బిడ్డయు ఒకే డబ్బాలో పడినారు. దీనిని మేము మెచ్చుకొనుచున్నాము. అయితే ఆ డబ్బాలోనికి పేరు చేరువరకు ఎంత అయినదో ఎవరును అడుగరు. చీటీ న్యాయమైనది; గుమ్మము వరకు వచ్చినవారికి మాత్రమే.

గుమ్మము వరకు వచ్చుటకు ఏమేమి కావలెనో చూడండి. మొదట పైన చెప్పిన కుటుంబ వీసా. దానికి తగిన వృత్తి ఇఖామాలో ఉండవలెను. పని చేయుచున్న వృత్తి ఒకటి, ఇఖామాలో వ్రాసినది ఇంకొకటి అయినవారు ఎందరో; వృత్తి మార్పించుకొనుటకు ఖఫీల్ సమ్మతి కావలెను. ఖఫీల్ అనగా పూచీ వహించు యజమాని. తరువాత కుటుంబమునకు ఇల్లు. కంపెనీ బ్యారక్‌లో ఆరుగురితో కలిసి పండుకొన్నంత కాలము మనిషికి అద్దె లేదు. భార్య వచ్చిన నాటి నుండి అద్దె ఉన్నది. బడికి దగ్గరగా ఇల్లు దొరకిన అద్దె ఎక్కువ, దూరముగా దొరకిన వ్యాను ఖర్చు ఎక్కువ. 2018 జూన్ 24వ తేదీ వరకు ఆ దేశములో స్త్రీలకు కారు నడుపుటకు అనుమతి లేదు. తల్లి ఇంటిలోనే ఉన్నను బిడ్డను బడికి దించలేదు. తండ్రి డ్యూటీ వేళకు బడి వేళ కుదరనప్పుడు వ్యానువానికి నెలనెల ఇచ్చుకొనవలసినదే. ఈ ఖర్చులలో ఏదియు ఫీజు రసీదులో కనబడదు.

ఇంత భారము ఉన్నను చాలమంది నెట్టుకొని వచ్చినారు. వారి లెక్క తలక్రిందులైనది 2017లో.

ఆ సంవత్సరము జూలై నుండి సౌదీ ప్రభుత్వము పరదేశ ఉద్యోగి మీద ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ల సుంకము విధించినది. మరుసటి జూలైకి అది 200, 2019లో 300, 2020లో 400. చమురు ధర పడిపోయినందున ఖజానాకు క్రొత్త రాబడి కావలెను. పౌరుల మీద ఆదాయపు పన్ను లేని దేశము అది. భారము పరదేశీయుల వాకిట పడినది. భార్య, ఇద్దరు బిడ్డలు ఉన్న ఒక తండ్రిని ఊహించుకొందము. మొదటి ఏడు అతడు కట్టవలసినది 3,600 రియాళ్లు. నాలుగవ మెట్టు వచ్చునప్పటికి నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. ఇఖామా పునరుద్ధరణ సమయములో ఏడాది మొత్తము ముందుగానే కట్టవలెనన్నది మొదటి నియమము. కట్టనిదే ఇఖామా లేదు, ఇఖామా లేనిదే బిడ్డకు బడి రికార్డు నిలువదు. దానికి తోడు 2018 జనవరి నుండి విలువ ఆధారిత పన్ను నూటికి 5, 2020 జూలై నుండి 15 అయినది. ప్రైవేటు చదువు మీది ఆ పన్నును పౌరుల తరఫున ప్రభుత్వమే భరించినది. పరదేశీయులు తామే కట్టుకొన్నారు.

ఆ 1,200 రియాళ్లు ఎంతటి మొత్తమో తెలియుటకు ఇంకొక అంకె చెప్పెదము. పరదేశమునకు పోవు కార్మికునికి ఇంత కన్న తక్కువ జీతము ఇవ్వరాదని భారత ప్రభుత్వము ఒక కనీస మొత్తము పెట్టుట కలదు. 2020 సెప్టెంబరులో సౌదీకి పోవువారి విషయమున దానిని 324 డాలర్లకు తగ్గించినారు. డాలరుకు 3.75 రియాళ్లు, అనగా సుమారు 1,215 రియాళ్లు. తెలంగాణ హైకోర్టు వరకు వివాదము పోయి, 2021 జూలైలో ఆ తగ్గింపును వెనుకకు తీసికొన్నారు. కాని ఆ ఏడాది కాగితముల మీద నిలిచిన పోలిక మన కంటికి వదలదు. మన ప్రభుత్వము ఒక కార్మికుని నెల శ్రమకు కట్టిన కనీసపు వెలయు, ఒక ఉద్యోగి తన భార్యను ఇద్దరు బిడ్డలను దగ్గర ఉంచుకొనుటకు నెలకు కట్టిన సుంకమును దాదాపు ఒకటే.

కుటుంబములు తిరిగి పోయినవి. అన్నియు కాదు, కాని వేలకొలది. భారతీయ పాఠశాలలలో విద్యార్థుల సంఖ్య తగ్గినది. ఏ బడిలో సీటు కొరకు చీటీ తీసి తీయించుకొన్నారో అదే బడి నుండి బదిలీ పత్రము కొరకు వరుసలో నిలిచినారు. తండ్రి మాత్రము అచ్చటనే ఉండెను. భార్యాబిడ్డలను విమానమెక్కించి, అద్దె ఇల్లు ఖాళీ చేసి, పది పదిహేనేండ్ల క్రిందట విడిచిన బ్యారక్ మంచమునకే తిరిగి పోయినవారు ఉన్నారు. అతడు ఒంటరి కూలివలె మొదలుపెట్టినాడు, మేనేజరైన పిమ్మట మరల ఒంటరివాడైనాడు.

ఇంతవరకు చెప్పినది మొదటి వరుసవారి సంగతి. రెండవ వరుసలో నిలిచినవానికి సుంకము లేదు, ఎందుకనగా అతని బిడ్డ ఎన్నడును సౌదీ చూడలేదు. అతడు ఊరిలో పొలము మీదనో, భార్య పుస్తెలతాడు మీదనో నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఏజెంటుకు కట్టి, వీసా తెచ్చుకొన్నాడు. కరీంనగర్ వైపు ఏ గల్ఫు దేశమునకు పోయినను దుబాయి పోయినాడు అందురు. మొదటి ఒకటి రెండేండ్ల జీతము ఆ అప్పుకే సరిపోవును. దాని తరువాత అతడు పంపు డబ్బులో మొదటి పద్దు బడి. ఇల్లు తరువాత, పెండ్లి తరువాత, బడి ముందు. ఎందుకో ఊహించుట కష్టము కాదు. పదవ తరగతి లేనందున ఏ వరుసలో నిలువవలసి వచ్చినదో అతనికి తెలియును. బిడ్డ ఆ వరుసలో నిలువరాదు.

ఊరిలో సర్కారు బడి ఉచితమే. కాని కోరి చేరు సర్కారు బడులు కొన్ని మాత్రమే. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల తెరిచినారు; మరుసటి సంవత్సరము గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోను. పల్లెటూరి పేద బిడ్డకు ఉచిత భోజనము, ఉచిత వసతి, మంచి ఉపాధ్యాయులు. ఆ మూడు బడుల నుండి వచ్చిన పెద్ద అధికారులు, వైద్యులు ఎందరో. అదే నరసింహారావు గారు కేంద్రములో విద్య చూచుచుండగా 1986 విద్యావిధానముతో జిల్లాకొక నవోదయ విద్యాలయము అన్న పథకము నడచినది. ఈ బడులలో సీటుకు డబ్బు పుచ్చుకొనరు. పరీక్ష పెట్టుదురు. పరీక్ష పెట్టిన చోట కోచింగు పుట్టును; ఇది మన ద్వీపమువారికి ఎవరును నేర్పనక్కరలేదు. ఉచితమైన సీటు కొరకు అయిదవ తరగతి బిడ్డను ఏడాది పాటు కోచింగు హాస్టలులో ఉంచి, ఫీజు కట్టినవారిలో గల్ఫు తండ్రులు తక్కువ కాదు. తెలంగాణ ఏర్పడిన తరువాత 2016 నుండి మైనారిటీ గురుకులములు 204 వరకు తెరిచినారు. నిజామాబాదు, హైదరాబాదులలో తండ్రి సౌదీలో ఉండి తల్లి ఒక్కతే బిడ్డలను పెంచు ఇండ్లకు అవి గొప్ప ఆసరా అయినవి. దీనిని చెప్పకుండుట న్యాయము కాదు.

సీటు దొరకని వారికి ప్రైవేటు ఇంగ్లీషు మీడియము. అచ్చట డొనేషన్. దానిని ఆపుటకు ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ 1983లోనే చట్టము చేసినది. విద్యాసంస్థలలో ప్రవేశమునకు క్యాపిటేషన్ ఫీజు పుచ్చుకొనుట ఆ చట్టము ప్రకారము నేరము. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, పదునాలుగేండ్ల వరకు చదువు ప్రతి బిడ్డకు మౌలికమైన హక్కు అన్నది. అదియు ఆంధ్ర ప్రదేశ్ మీద నడచిన కేసే. 2009 నాటి విద్యాహక్కు చట్టము, క్యాపిటేషన్ ఫీజు పుచ్చుకొన్న బడికి దానికి పదిరెట్లు జరిమానా అన్నది. బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని ప్రవేశ పరీక్ష పెట్టరాదన్నది. చట్టములు ఉన్నవి. వాటి తరువాత బిల్డింగ్ ఫండ్ అనియు, డెవలప్‌మెంట్ ఫీజు అనియు క్రొత్త పేర్లు పుట్టినవి. తండ్రి గల్ఫులో ఉన్నాడు అని దరఖాస్తులో వ్రాసిన వెంటనే అడిగెడి మొత్తము పెరిగినదని అనుకొనని గల్ఫు ఇల్లు లేదు. బేరమాడుటకు తండ్రి ఎదుట లేడు, ఫోనులో ఉన్నాడు. ఫోనులో ఉన్న మనిషి సరే అనును. తాను దగ్గర లేని లోటును ఆ సరేతో పూడ్చవలెనని అతని తాపత్రయము.

జీతము ఆగిన నెలలో ఈ ఇంటి సంగతి ఏమి? 2013లో సౌదీ ప్రభుత్వము స్వదేశీయులకు ఉద్యోగములన్న విధానమును గట్టిగా అమలు పరచి, పత్రములు సరిలేనివారికి గడువు ఇచ్చినప్పుడు లక్షకు పైగా భారతీయులు తిరిగి వచ్చినారు. ఆజాద్ వీసా అను పేరుతో ఒక యజమాని కాగితము మీద వచ్చి వేరొకచోట పని చేసినవారు వారిలో చాలమంది. 2016లో జిద్దాలో పెద్ద నిర్మాణ సంస్థల కూలీలకు నెలల తరబడి జీతములు లేక, భారత కాన్సులేటువారు శిబిరములకు బియ్యము పప్పులు పంపవలసి వచ్చినది. అప్పుడు పత్రికలలో ఆకలి గురించి వ్రాసినారు. ఆ జూలై ఆగస్టు నెలలలో తెలుగు పల్లెలలో బడులు తెరచి కొన్ని వారములే అయినది, మొదటి టర్ము ఫీజు గడువు అది. దాని గురించి ఎవరును వ్రాయలేదు. బడి ఫీజు కట్టలేని సంగతి ఆకలివలె బయటకు చెప్పుకొనునది కాదు గదా.

పండ్రెండవ తరగతి తరువాతి సంగతి క్లుప్తముగా చెప్పెదము. సౌదీలో భారతీయ పాఠశాల ముగించిన బిడ్డలలో చాలమంది పై చదువుకు దేశము విడిచినారు. అనేక కుటుంబములలో తల్లి కూడ బిడ్డ వెంట పోయినది. భారతదేశపు సాంకేతిక విద్యాలయములలో పరదేశ భారతీయులకు ఉంచిన అదనపు సీట్లలో మూడవ వంతు గల్ఫు కార్మికుల బిడ్డలకు కేటాయించి, వారి నుండి స్వదేశపు ఫీజే పుచ్చుకొను నియమము ఒకటి కలదు. మంచి నియమము. అయితే అది ఇంటర్మీడియెట్ మంచి మార్కులతో దాటినవానికి. అంతవరకు చేర్చిన వెల గురించే ఇంతసేపు మాటలాడినాము.

మన తాతలు ఓడ ఎక్కినప్పుడు వారికి బడి లేదు, ఆశయు లేదు. అయిదేండ్ల ఒప్పందములో చదువు అను మాటయే లేదు. వారి బిడ్డలు మూడవ తరమునకు గాని కాలేజీ గడప తొక్కలేదు. సౌదీ పోయిన తెలుగువాడు ఒక్క తరములోనే బిడ్డను ఇంజనీరును చేసినాడు. కనుక అతడు మన పూర్వులకన్న అదృష్టవంతుడు అని మా మిత్రులలో కొందరు వాదించినారు. మేము అంగీకరించలేకపోయినాము. మన ముత్తాత ధనము లేక బిడ్డను చదివించలేదు, కాని బిడ్డను ఎత్తుకొన్నాడు. అతడు చదివించినాడు, రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవులో ఇంటికి వచ్చినప్పుడు, ఎవరీ మనిషి అన్నట్లు బిడ్డ తల్లి చీర చాటున నిలిచినది. ఏది పెద్ద నష్టము అని తూచుటకు మా వద్ద తక్కెడ లేదు. కాని బడి సీటు వెల ఎంత అని అడిగినప్పుడు రియాళ్లు చెప్పి ఊరుకొనుట పొరపాటు అని మాత్రము చెప్పగలము.

ఇంకొక సంగతి. మన ద్వీపములోనే నేడు వస్త్రముల ఫ్యాక్టరీలలోను, కట్టడముల పనిలోను బంగ్లాదేశ్, నేపాల్, మడగాస్కర్, భారతదేశముల నుండి ఒప్పందము మీద వచ్చినవారు వేలాదిగా ఉన్నారు. డార్మిటరీలలో ఉందురు. ఆదివారము నాడు మార్కెట్టు వీధులలో ఫోను చెవికి ఆనించుకొని నడచునప్పుడు మనము చూచుచునే ఉన్నాము. వారిలో ఎంతమంది బిడ్డలు మన బడులలో ఉన్నారు? మన పిల్లల తరగతిలో ఒక్కరైనా ఉన్నారా? మన సభలలో కోరంగి ఓడల గురించి ప్రతి సంవత్సరము మాటలాడుకొనుచున్నాము. ఈ ప్రశ్న మాత్రము ఇంతవరకు ఏ సభలోను వినలేదు.

సౌదీలో సుంకము నేటికిని ఉన్నది. దానిని తప్పించుకొనుటకు కుటుంబములు ఒక దారి కనుగొన్నవి. ఏప్రిల్ నెలాఖరున తెలుగు నాట బడులు మూసిన వెంటనే తల్లియు బిడ్డలును సందర్శన వీసా మీద రియాద్‌కో జిద్దాకో పోవుదురు. తండ్రి ఆ రెండు నెలలకు మాత్రము ఒక గది అద్దెకు తీసికొనును. సాయంకాలములు సముద్రము ఒడ్డున తిరుగుదురు. మతము ముస్లిములైనవారు మక్కా మదీనా చూచి వచ్చెదరు. జూన్ పండ్రెండు ప్రాంతమున అచ్చట బడులు తెరచును. జూన్ మొదటి వారములో జిద్దా నుండి హైదరాబాదుకు పోవు విమానములలో, క్రొత్త బడిసంచులు ఒడిలో పెట్టుకొని తల్లి ప్రక్కన కూర్చున్న పిల్లలే ఎక్కువ.